లక్ష్మణ ఫలం తినొచ్చు, ఆకు కషాయం మాత్రం రోజూ వద్దు

తిరుపతిలో ఈమధ్య సీతాఫలం జాతికే చెందిన లక్ష్మణ ఫలం చెట్టు ఆకులు ఎండబెట్టి, పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. క్యాన్సర్ తగ్గుతుందని విని పెద్దవాళ్ళు పొద్దున్నే కషాయం కాచుకుని తాగుతున్నారు. మీ ఇంట్లోనూ ఎవరైనా తాగుతుంటే దయచేసి ఇది చెప్పండి.

ఈ చెట్టు ఆకుల్లో, పండులో, గింజల్లో అనోనాసిన్ అనే పదార్థం ఉంటుంది. అది మెదడు కణాలను దెబ్బతీస్తుందని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో మామూలు మందులకు లొంగని ఒక రకం పార్కిన్సన్ జబ్బు (చేతులు వణికి, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు) ఎక్కువగా కనిపించింది. ఆ రోగుల్లో చాలామంది ఈ పండు, ఆకుల టీ ఏళ్ళ తరబడి తీసుకున్నవాళ్ళేనని 1999లో పరిశోధకులు రాశారు. జబ్బుకు కారణం ఇదేనని పూర్తిగా రుజువు కాలేదు. అయినా క్యాన్సర్ తగ్గుతుందన్న మాటకు మనుషుల మీద సరైన ఆధారమే లేనప్పుడు, రోజూ ఆ ముప్పు ఎందుకు తెచ్చుకోవాలి?

ఎప్పుడో ఒకసారి పండు తింటే భయపడక్కర్లేదు. చేతులు వణికేవాళ్ళు, పార్కిన్సన్ ఉన్నవాళ్ళు పండు, కషాయం రెండూ మానేయడమే మంచిది. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా కషాయం మొదలుపెట్టొద్దు. క్యాన్సర్ చికిత్స మాత్రం దీనికోసం ఒక్కరోజు కూడా ఆపకండి.

సీతాఫలం గురించీ ఒక మాట. గుజ్జు హాయిగా తినండి, గింజలు ఊసేయండి. పేలు పోతాయని ఆ గింజల పొడి పిల్లల తలకు పట్టించొద్దు. కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. పొరపాటున పడితే వెంటనే నీళ్ళతో బాగా కడిగి, కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.