కుండీలో కోడిజుట్టు పూలు: బతుకమ్మ నాటికి కోతకు రావాలంటే ఎలా?

మట్టి, కుండీల సంగతి తర్వాత చూద్దాం. ముందు క్యాలెండర్ తీయండి. కోడిజుట్టు గింజ వేసిన రోజు నుంచి పువ్వు అరచేయంత విచ్చుకోవడానికి 90 నుంచి 100 రోజులు పడుతుంది. పండగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ మహాలయ అమావాస్య నాడు కాబట్టి, ఆ తేదీ నుంచి వెనక్కి 100 రోజులు లెక్కపెట్టండి. జూన్ రెండో వారానికీ జూలై మొదటి వారానికీ మధ్య ఎక్కడో ఆగుతారు. గింజలు వేయాల్సింది అప్పుడే. బెంగళూరు వచ్చిన కొత్తలో నేను వినాయకచవితి అయ్యాక తీరిగ్గా వేశాను. చివరి రోజు సద్దుల బతుకమ్మ నాటికి జానెడు మొక్కలు, నాలుగు ఆకులు. చేసేదేం లేక సిటీ మార్కెట్‌కి పోయి పూలు కొనుక్కొచ్చుకున్నాను.

మా వరంగల్ వైపు దీన్ని సీతజడ అంటారు, పట్టుకుచ్చు అనేవాళ్లూ ఉన్నారు. ఊరు మారితే పేరు మారుతుంది. ఇక్కడ మా కింది పోర్షన్ ఆంటీ కోళి జుట్టు అంటారు, తమిళంలో కోళికొండై. భాష ఏదైనా ఈ పువ్వుని చూడగానే అందరికీ కోడే గుర్తొచ్చిందన్నమాట. తోటకూర కుటుంబం మొక్క ఇది. చెలకల్లో దానంతట అదే మొలిచే గునుగుకి సొంత చెల్లెలు. నేను దీనికి చేస్తున్న సేవలన్నీ ఫోన్‌లో చెబితే మా అమ్మ నవ్వింది. "చెలకల మొలిచేదానికి గంత మర్యాద ఎందుకే బిడ్డా?"

అమ్మ మాటలో సగం నిజం ఉంది. గునుగుకి మర్యాద అక్కర్లేదు. కోడిజుట్టుకి మాత్రం మొదటి ఆరు వారాలు కాస్త చేయాలి. ఆ తర్వాత మీరు ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది.

గింజలు, రకాలు

దుకాణంలో "సెలోసియా" అని అడిగితే మూడు రకాల ప్యాకెట్లు చూపిస్తారు. మెదడు ముడతల్లా, వెల్వెట్ గుడ్డ మడతపెట్టినట్టు ఉండేది అసలు కోడిజుట్టు. మంట నాలుకల్లా, కుచ్చులా నిలబడేది రెండోది. గోధుమ వెన్నులా సన్నగా పొడుగ్గా ఉండే మూడోది మన గునుగు పోలికే. సాగు మూడింటికీ ఒకటే. ఒక్క తల తుంచే విషయంలోనే తేడా, అది కింద చెబుతాను. ప్యాకెట్ మీద ఎత్తు కూడా చూసుకోండి. పొట్టి రకాలు జానెడు, జానెడున్నరతో ఆగిపోతాయి. బాల్కనీ గట్టు మీద పెట్టుకోవడానికి అవి బాగుంటాయి. బతుకమ్మకి కాడ పొడుగ్గా కావాలంటే రెండు, మూడు అడుగులు పెరిగే రకమే తీసుకోవాలి.

ఆ ముడతలు ఎలా వస్తాయో తెలిస్తే మొక్కని చూసే చూపు మారుతుంది. మామూలుగా మొక్క ఎదిగే కొన సూదిమొనలా ఒక చుక్క. కోడిజుట్టులో ఆ చుక్క పక్కలకి సాగి గీతలా అవుతుంది. గీత పొడవు పెరుగుతూనే ఉంటుంది, చోటు చాలదు, కుచ్చిళ్లలా మడతలు పడుతుంది. అంటే పువ్వు ఎంత పెద్దదవుతుందన్నది ఆ కొన దగ్గరున్న బలాన్ని బట్టి ఉంటుంది. మొగ్గ కనిపించాక ఎరువు గుమ్మరించినా పెద్ద లాభం ఉండదు.

అందుకే నర్సరీలో అప్పటికే బొటనవేలంత పువ్వు పూసి, నల్లటి చిన్న కవర్లో ముద్దొస్తూ కూర్చున్న మొక్కని కొనకండి. నేను ఒకసారి అలాంటివి ఆరు తెచ్చాను. పెద్ద కుండీల్లోకి మార్చాను, పోషించాను. రెండు నెలలకి ఆ పువ్వు బొటనవేలి నుంచి కాలి బొటనవేలంత అయింది, అంతే! కవర్లో వేళ్లు చుట్టచుట్టుకుని ఇరుక్కోగానే మొక్కకి బతుకు అయిపోతోందన్న టెన్షన్ పట్టుకుంటుంది, తొందరపడి పూసేస్తుంది. ఆ తర్వాత ఎంత చోటు ఇచ్చినా కోలుకోదు. నర్సరీలోనే కొనాలనుకుంటే పువ్వు లేని, ఆకు పచ్చగా ఉన్న చిన్న నారు అడగండి.

నారు పోయడం

గింజలు ఆవగింజ కంటే చిన్నవి. నల్లగా, తోటకూర గింజల్లా మెరుస్తుంటాయి. నేరుగా చల్లితే గుప్పెళ్లుగా ఒకేచోట పడతాయి కాబట్టి, చిటికెడు గింజలకి రెండు చెంచాల పొడి ఇసుక కలిపి చల్లాలి. ఒక ఏడాది ఇసుక దొరక్క బొంబాయి రవ్వ కలిపాను. తెల్లారేసరికి చీమల బారు రవ్వతో పాటు గింజల్నీ మోసుకుంటూ గోడ ఎక్కుతోంది. ఇసుకే కలపండి.

నాకు బాగా కుదిరిన పద్ధతి కాగితం టీ కప్పులు. అడుగున మూడు రంధ్రాలు పొడిచి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు) సమంగా కలిపి నింపాలి. కప్పుకి నాలుగైదు గింజలు వేసి, పైన కనిపించీ కనిపించనంత పలుచగా ఇసుక జల్లాలి. లోతుగా పూడిస్తే ఇంత చిన్న గింజ పైకి రాలేదు. నీళ్లు పైనుంచి పోస్తే గింజలు కొట్టుకుపోతాయి. అందుకని కప్పుల్ని ఒక పళ్లెంలో పెట్టి, పళ్లెంలో వేలు మందం నీళ్లు పోయండి. మట్టి కిందనుంచి పీల్చుకుంటుంది. పైభాగం తడిగా కనబడగానే మిగిలిన నీళ్లు పారబోయండి.

వెచ్చగా ఉంటే 5 నుంచి 10 రోజుల్లో మొలకెత్తుతాయి. 24, 25 డిగ్రీలు వీటికి హాయి. బెంగళూరు జూన్‌లో పగలు ఫర్వాలేదు గానీ ముసురు పట్టిన వారంలో ఆలస్యమవుతుంది. కప్పుల పళ్లేన్ని రాత్రి వంటింట్లో పెట్టుకున్నా తప్పు లేదు. మొలక కనబడ్డ మరుక్షణం వెలుతురులోకి తెచ్చేయాలి. లేకపోతే దారంలా సాగి పడిపోతాయి. రాత్రి బాగున్న మొలక పొద్దున మొదలు దగ్గర నలిగినట్టయి వాలిపోతే అది నారుకుళ్లు. తడి ఎక్కువ, గాలి తక్కువ అయిందని అర్థం.

రెండు జతల ఆకులు వచ్చాక కప్పుకి ఒక్క మొలకనే ఉంచి మిగిలినవి కత్తెరతో కత్తిరించేయండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు. కత్తిరించిన మొలకల్ని పప్పులో వేసేసుకోండి, తోటకూర చుట్టమే కదా.

కుండీలోకి మార్చడం

నాలుగు వారాలు దాటి, ఐదారు అసలు ఆకులు వచ్చాక, వేళ్లు కప్పు అడుగున చుట్టుకోకముందే మార్చాలి. సాయంత్రం పూట కప్పుని నిలువునా చీల్చి, మట్టిగడ్డ విడిపోకుండా అలాగే గుంటలో దించండి. కాగితం కప్పే కదా, కరిగిపోతుందిలే అని దాంతో సహా పాతిపెట్టొద్దు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది.

ఒక్కో మొక్కకి 10 అంగుళాల కుండీ. 18 అంగుళాల గ్రో బ్యాగ్ (మొక్కలు పెంచే సంచి) అయితే మూడు మొక్కలు పెట్టొచ్చు, నేల మీదైతే జానెడుకి పైగా ఎడం ఉండాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు గానీ వర్మీకంపోస్ట్ గానీ ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. ఇక్కడ తోపుడుబండ్ల మీద అమ్మే ఎర్రమట్టి ఒక్కటే నింపితే రెండు ఎండలకి ఇటుకలా బిగుసుకుంటుంది.

రోజుకి కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. బాల్కనీలో వెలుతురు బాగా వస్తుందండీ అంటే కుదరదు. మనిషి నీడ నల్లగా పడేంత ఎండ ఉండాలి. అపార్ట్‌మెంట్లో అలాంటి చోటు లేకపోతే టెర్రస్ తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. నేనైతే అసోసియేషన్ సెక్రటరీ గారికి మొదటి పువ్వు ఇస్తానని మాటిచ్చి తాళం సంపాదించాను.

నీళ్లు

ఇంట్లో కోడిజుట్టు చచ్చిపోతే తొంభై పాళ్లు నీళ్లు ఎక్కువయ్యే. వేలు రెండు కణుపులు మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ రోజు పోయొద్దు. మార్చి, ఏప్రిల్ ఎండల్లో రోజూ అవసరం పడొచ్చు గానీ, జూలై ముసురులో మూడు నాలుగు రోజులకోసారి కూడా ఎక్కువే కావచ్చు.

ఒక తికమక ఉంది. నీళ్లు చాలకపోయినా ఆకులు వాలతాయి, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లినా ఆకులు వాలతాయి. వాలిన మొక్కని చూడగానే మన చెయ్యి చెంబు మీదకే పోతుంది. మట్టి తడిగా ఉండి మొక్క వాలిపోతే అది వేరుకుళ్లు. మొదలు దగ్గర కాండం నొక్కితే మెత్తగా తగులుతుంది. దాన్ని కాపాడటం కష్టం, పక్క కుండీలైనా దక్కించుకోండి. ఫ్లోరుకి మరకలవుతాయని కుండీల కింద పెట్టే పళ్లేలు వానాకాలంలో తీసేయాలి. ఓనరు గారి టైల్స్ కోసం ఆ పళ్లేలు పెట్టే నేను నాలుగు మొక్కలు పోగొట్టుకున్నాను.

ఎరువు పెద్దగా అడగదు. పదిహేను రోజులకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్ చాలు. యూరియా జోలికి పోకండి, ఆకు ఏపుగా పెరిగి పువ్వు వెనకబడుతుంది. బోరు నీళ్లు బాగా ఉప్పగా ఉండే ఏరియాల్లో కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా కనిపిస్తాయి. వాన నీళ్లు పట్టి పోస్తే తేరుకుంటాయి.

తుంచాలా, వద్దా?

కుచ్చు రకమైతే మొక్క జానెడు ఉన్నప్పుడు తల తుంచండి. పక్క కొమ్మలు వచ్చి పది కుచ్చులు పూస్తాయి. కోడిజుట్టు రకంలో మాత్రం తల ముట్టుకోవద్దు, మీకు కావాల్సిన పెద్ద పువ్వు ఆ ఒక్క కొనలోనే ఉంది. పైగా ఆకు మొదళ్లలో వచ్చే పిల్ల కొమ్మల్ని చిన్నగా ఉన్నప్పుడే గిల్లేస్తే బలమంతా పైకి పోతుంది. పువ్వు బరువెక్కేకొద్దీ మొక్క ఒరుగుతుంది. ఒక వెదురు పుల్ల పాతి, పాత నూలు చీర పేలికతో వదులుగా కట్టండి. ప్లాస్టిక్ దారమైతే కాండాన్ని కోసేస్తుంది.

పురుగు, వాన

ఆకుల్ని దారాలతో మడిచి లోపల తినే పచ్చని సన్న పురుగు తోటకూరకి పట్టేదే, దీనికీ పడుతుంది. మడిచిన ఆకుని తుంచి నలిపేయడమే మందు. లేత కొనల మీద పేనుబంక, ఎండాకాలంలో ఆకు అడుగున ఎర్రనల్లి కనబడితే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. విచ్చిన పువ్వు మీద పడనీయకండి, రంగు మచ్చలు కడుతుంది.

అసలు బాధ సెప్టెంబరు వాన. బెంగళూరులో వానలు బాగా దంచేది ఆ నెలలోనే, మన పువ్వు నిండుగా విచ్చేదీ అప్పుడే. ముడతల్లో నీళ్లు టవల్లో నిలిచినట్టు నిలుస్తాయి, రెండు రోజుల్లో మడతల మధ్య నల్లబడటం మొదలవుతుంది. వాన వెలిసిన వెంటనే కాండం పట్టుకుని నెమ్మదిగా ఊపండి, నీళ్లు జల్లున రాలతాయి. కుండీ కదపగలిగితే పువ్వు విచ్చాక సన్‌షేడ్ కిందకి జరపడం ఇంకా నయం.

కోత, గింజల దాపు

పూలు పొద్దున్నే, మంచు ఆరాక కోయాలి. కాడకున్న ఆకులన్నీ దూసేసి బకెట్ నీళ్లలో నిలబెడితే వారం దాకా చెక్కుచెదరవు. అందుకే పండక్కి రెండు మూడు రోజుల ముందు కోసినా దిగులు లేదు. ఎండబెట్టి దాచుకోవాలంటే కాడలు కట్టగట్టి, తలకిందులుగా, ఎండ తగలని గాలి ఆడే చోట మూడు వారాలు వేలాడదీయండి. మా ఇంట్లో ఆ చోటు స్టోర్‌రూమ్ తలుపు వెనక మేకు.

ఒక పువ్వుని మాత్రం, అన్నిటికన్నా పెద్దదాన్ని, కోయకుండా వదిలేయండి. ఎంత కష్టమో నాకు తెలుసు, బతుకమ్మ శిఖరానికి అదే సరిగ్గా సరిపోతుంది. అయినా వదలండి. గింజలు పై ముడతల్లో వెతికితే దొరకవు. పువ్వు కింది భాగంలో, కాడకి దగ్గరగా రాగిరంగులోకి తిరిగిన పొట్టులో ఉంటాయి. పువ్వు వెలిసి ఆ భాగం గరగరలాడుతున్నప్పుడు కింద స్టీలు పళ్లెం పట్టి బొటనవేలితో రుద్దండి. టపటపా చప్పుడుతో నల్లగా రాలతాయి. చేటలో వేసి చెరిగితే పొట్టు పోతుంది. చేట లేకపోతే పళ్లెం వంచి మెల్లగా ఊదండి, గట్టిగా ఊదితే గింజలూ పోతాయి. రెండు రోజులు నీడలో ఆరబెట్టి కాగితం పొట్లం కట్టి, పైన రంగు, తేదీ రాయండి. ఎరుపు, పసుపు పక్కపక్కన పెంచి ఉంటే వచ్చే ఏడు ఏ రంగు వస్తుందో పొట్లం మీద రాసినదాన్ని మరీ నమ్మకండి. తేనెటీగలు అటూ ఇటూ తిరిగి ఉంటాయి.

రాలిపోయిన గింజలు కరివేపాకు కుండీలోనో, గచ్చు పగుల్లోనో వాటంతట అవే మొలుస్తాయి. రెండు మూడు ఆకుల మీదుండగానే మట్టితో సహా చెంచాతో లేపి వేరే కుండీలో పెట్టుకోండి. గచ్చు పగుల్లో మొలిచినవి మాత్రం లేవవు, వేరు తెగుతుంది. మా టెర్రస్ మెట్ల దగ్గర అలాంటిది ఒకటి ఇప్పుడు మోకాలెత్తు ఉంది. దాని పక్కనుంచే దిగుతున్నాం.