సిన్స్ ఎప్పుడు, ఫర్ ఎప్పుడు?
తెలుగులో ‘2019 నుంచి’ అన్నా ‘ఐదేళ్ల నుంచి’ అన్నా ‘నుంచి’ ఒక్కటే. ఇంగ్లిష్‌లో రెండు దారులు. మొదలైన సమయం చెబితే సిన్స్: సిన్స్ 2019, సిన్స్ మండే. ఎంతకాలమో కొలిచి చెబితే ఫర్: ఫర్ ఫైవ్ ఇయర్స్, ఫర్ టూ అవర్స్. ‘సిన్స్ ఫైవ్ ఇయర్స్’ తప్పు, ఎంత అలవాటైనా సరే.

అసలు చిక్కు క్రియతో. ‘పనిచేస్తున్నాను’ అని మనసులో అనుకోగానే ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అని నోటికొచ్చేస్తుంది. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’ అనాలి. ఆ ఉద్యోగం మానేశారా? ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ చాలు. అక్కడ సిన్స్‌కు పని లేదు.

సిన్స్ తర్వాత చిన్న వాక్యం పెడితే అది మామూలుగా భూతకాలంలో ఉంటుంది: సిన్స్ ఐ జాయిన్డ్.