నీడిల్ ముట్టుకునే ముందు: మోడల్ విమానాల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ సంరక్షణ, సర్దుబాటు

మోడల్ విమానాల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ మొరాయించినప్పుడు చాలామంది చెయ్యి నేరుగా నీడిల్ మీదికే, అంటే ఇంధనం పాలును సర్దే సూది స్క్రూ మీదికే, వెళుతుంది. ఐడిల్‌లో, అంటే కనిష్ఠ వేగంలో, ఆగిపోయినా, పూర్తి థ్రాటిల్‌లో బలం తగ్గినా, ఎన్నిసార్లు తిప్పినా స్టార్ట్ కాకపోయినా, రెండు క్లిక్కులు ఇటు, మూడు క్లిక్కులు అటు తిప్పి చూస్తారు. అసలు తప్పు వాల్వు సందులోనో, ఇంధనం గొట్టంలోనో, ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్‌లోనో ఉన్నప్పుడు ఇలా తిప్పడం వల్ల ఆ లోపం మరుగున పడుతుంది, అంతవరకు సరిగ్గా ఉన్న మిశ్రమం కూడా చెడుతుంది. అందుకే ఈ వ్యాసంలో నీడిల్ సంగతిని వెనక్కు జరిపి, దానికంటే ముందు చూసుకోవలసినవి ముందుగా చెబుతున్నాను.

జపాన్‌కు చెందిన ఓ.ఎస్. సంస్థ 1976లో ఎఫ్.ఎస్-60 ఇంజన్‌ను తెచ్చినప్పటి నుంచి ఈ తరహా గ్లో ఇంజన్లు సామాన్య అభిరుచిదారులకు అందాయి. 1979లో అదే దేశపు సైటో సంస్థ కూడా ఎఫ్.ఎ-30తో ఈ బాట పట్టింది. నేను ఉదాహరణగా తీసుకుంటున్నది 0.70 క్యూబిక్ అంగుళాల, అంటే దాదాపు 11.5 సీసీ, ఒంటి సిలిండర్ ఇంజన్. మిగతా పరిమాణాలకూ పద్ధతి ఇదే. అంకెల విషయంలో మాత్రం మీ ఇంజన్‌తో వచ్చిన పుస్తకమే ప్రమాణం.

టూ స్ట్రోక్‌కు అలవాటుపడినవారు రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, ఇక్కడ ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, రెండు చుట్లు తిరిగితే ఇంధనం ఒక్కసారే మండుతుంది. క్యామ్ షాఫ్ట్ అందులో సగం వేగంతో తిరుగుతూ పుష్ రాడ్ల ద్వారా, రాకర్ల ద్వారా వాల్వులను తెరుస్తుంది. రెండవది, మామూలు టూ స్ట్రోక్‌లో నూనె కలిసిన ఇంధనమంతా క్రాంక్ షాఫ్ట్ ఉండే గది, అంటే క్రాంక్ కేస్, గుండానే పైకి వెళుతుంది గనుక బేరింగులు ఎప్పుడూ తడిగా ఉంటాయి. సాధారణ ఫోర్ స్ట్రోక్‌లో మాత్రం పిస్టన్ రింగు పక్కనుంచి కిందికి జారిన కొద్దిపాటి నూనే బేరింగులకు, క్యామ్‌కు దక్కుతుంది, మిగిలినది బ్రీదర్ గొట్టం ద్వారా బయటికి పోతుంది. ఆ నూనెతో పాటు మండిన వాయువులూ, నీటి ఆవిరీ కిందికి దిగుతాయి. ఈ ఇంజన్లలో బేరింగులు ఎందుకు అంత తొందరగా తుప్పు పడతాయో చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

ఇక మొదటి పని ట్యాపెట్ సెట్టింగ్. మోటారు సైకిల్ మెకానిక్ చేసేదీ ఇదే, కాకపోతే ఇక్కడ సందు వెంట్రుక మందం. ఓ.ఎస్. ఇంజన్లకు రాకర్ ఆర్మ్‌కూ వాల్వు కొసకూ మధ్య 0.04 నుంచి 0.10 మి.మీ. వరకు ఖాళీ ఉండాలి. ఈ కొలత ఇంజన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పటిది. వేడెక్కిన సిలిండర్ సాగి ఈ సందు మారిపోతుంది కనుక, ఎగిరి దిగిన ఇంజన్‌ను వెంటనే విప్పి కొలవడం వృథా. రాత్రంతా ఉంచి ఉదయం చూడటం నా అలవాటు.

ముందుగా గ్లో ప్లగ్ తీసేసి, రాకర్ కవర్ స్క్రూలు విప్పి, కవర్ కింది గాస్కెట్ చిరగకుండా జాగ్రత్తగా ఎత్తాలి. తర్వాత ప్రొపెల్లర్‌ను నడిచే దిశలోనే, అంటే ముందు నుంచి చూస్తే గడియారానికి ఎదురుగా, నెమ్మదిగా తిప్పుతూ రాకర్లను గమనించాలి. ఇన్‌టేక్ రాకర్ కిందికి దిగి మళ్ళీ పైకి వచ్చాక పిస్టన్ పైకి లేవడం మొదలవుతుంది; అది పూర్తిగా పైకి చేరిన చోట రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి, రెండు రాకర్లనూ వేలితో కదిలిస్తే కొద్దిగా ఆడతాయి. పిస్టన్ పైన ఉండి కూడా రాకర్లలో ఒకటి బిగుసుకుని ఉంటే మీరు ఎగ్జాస్ట్ చివరి ఘట్టంలో ఉన్నారని అర్థం, ఇంకొక పూర్తి చుట్టు తిప్పాలి. ఈ తేడా గమనించకుండా సందు సర్దినవారి ఇంజన్ ఆ తర్వాత అసలు స్టార్ట్ కాదు.

ఇప్పుడు సందు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.04 రేకును రాకర్ కొసకింద దూర్చి చూడాలి. అది అడ్డు లేకుండా వెళ్ళాలి, 0.10 రేకు వెళ్ళకూడదు. ఈ రెండు షరతులూ తీరితే ఇంక దేన్నీ ముట్టుకోనక్కరలేదు, కవర్ మూసేయవచ్చు. తీరకపోతే, చిన్న స్పానర్‌తో లాక్ నట్‌ను పావు చుట్టు వదులు చేసి, ఆలెన్ కీతో సర్దుబాటు స్క్రూను తిప్పుతూ, లోపల ఉంచిన సన్నరేకును ముందుకూ వెనక్కూ లాగుతూ ఉండాలి. సరైన చోట వేళ్ళకు తెలిసే పట్టు నూనె రాసిన రెండు కాగితాల మధ్యనుంచి మూడో కాగితాన్ని లాగినట్టుంటుంది: ఆగదు, అలాగని జారిపోదు. అక్కడ ఆలెన్ కీని కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించాలి. నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా దానితోపాటు కాస్త తిరగడం సహజం కాబట్టి బిగించాక మళ్ళీ కొలవడం తప్పనిసరి. నేను ప్రొపెల్లర్‌ను రెండు చుట్లు తిప్పి మూడోసారి కూడా చూస్తాను.

సందు ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, బలం తగ్గుతుంది, టకటకమనే చప్పుడు వస్తుంది. అసలు సందు లేకపోవడం అంతకంటే చెడ్డది: వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోదు, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి, కారిపోతుంది, స్టార్ట్ కావడమే కష్టమవుతుంది. కొత్త ఇంజన్‌కు రన్నింగ్ ఇన్ (మొదట్లో నెమ్మదిగా నడిపి కుదుర్చుకోవడం) పూర్తయ్యాక ఒకసారి, ఆ తర్వాత ఏవైనా లక్షణాలు కనబడినప్పుడు చూసుకుంటే చాలు.

కవర్ మూసి, ప్లగ్ బిగించాక కంప్రెషన్ పరీక్ష చేయాలి. ప్లగ్ బ్యాటరీ తగిలించకుండా, ఇంధనం లేకుండా, ప్రొపెల్లర్‌ను కంప్రెషన్ మీదికి తెచ్చి అక్కడే పట్టుకుని చెవి ఒగ్గి వినాలి. బుసబుసమనే శబ్దం కార్బొరేటర్ లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, సైలెన్సర్ లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, బ్రీదర్ లోంచి వస్తే పిస్టన్ రింగు గాలిని వదులుతున్నాయని తెలుస్తుంది. ప్లగ్ చుట్టూ ఒక చుక్క నూనె వేస్తే బుడగలు వస్తున్నాయో లేదో అక్కడే కనబడుతుంది.

తర్వాత ఇంధనం వచ్చే దారి. ఒక ఆదివారం మైదానంలో నా ఇంజన్ నేలమీద చక్కగా నడిచి, విమానం ముక్కు ఎత్తగానే గొంతు తగ్గిపోయేది. ఉదయమంతా నీడిల్ తెరుస్తూ, మూస్తూ గడిపాను. చివరికి గొట్టం విప్పి, ఒక కొస వేలితో మూసి, నీళ్ళ గిన్నెలో ముంచి ఊదితే, కార్బొరేటర్ నిపుల్ మీదికి తొడిగే చోట సూది మొన అంత రంధ్రం నుంచి వరుసగా బుడగలు వచ్చాయి. అంగుళం ముక్క కోసేసి మళ్ళీ తొడిగాను, అంతే. గ్లో ఇంధనానికి సిలికాన్ గొట్టమే వాడాలి, ఏడాదికోసారైనా మార్చాలి. ట్యాంకు లోపల బరువు తగిలించిన గొట్టం చీలినా లక్షణాలు ఇవే. ట్యాంకు మధ్యరేఖ నీడిల్ మట్టానికి సమంగా, లేదా కొద్దిమేర కిందుగా ఉండాలి.

ప్లగ్ విషయంలో పొదుపు పనికిరాదు. రెండు చుట్లకొకసారి మాత్రమే మంట తగిలే ఫోర్ స్ట్రోక్‌లో ప్లగ్ తన వేడిని ఎక్కువసేపు నిలుపుకోవాలి, అందుకే ఓ.ఎస్. టైప్-ఎఫ్ వంటివి ప్రత్యేకంగా వీటికోసమే చేశారు. తీగలోని ప్లాటినం మిథనాల్ ఆవిరితో కలిసినప్పుడు బ్యాటరీ లేకుండానే ఎర్రగా నిలుస్తుంది. తీగ నలిగినా, మసకబారినా, పైకి వెలుగుతున్నట్టే ఉండి ఐడిల్‌లో మోసం చేస్తుంది. బ్యాటరీ తీయగానే వేగం పడిపోతుంటే మొదట కొత్త ప్లగ్ వేసి చూడండి.

ఇంధనంలో మిథనాల్‌తో పాటు 5 నుంచి 15 శాతం నైట్రోమీథేన్, 15 నుంచి 20 శాతం నూనె ఉంటాయి. నూనెలో కొంత ఆముదం ఉండటం నాకు ఇష్టం. ఎంత వేడికైనా పొరగా నిలిచి, తుప్పును కూడా అడ్డుకుంటుంది. అయితే ఆముదం మాత్రమే వాడితే వాల్వు కాడల మీద గోధుమరంగు జిగురు పేరుకుంటుంది కాబట్టి సింథటిక్ నూనెతో కలిపినదే మేలు. జిగురు తీసిన ఆముదమే ఇందుకు పనికివస్తుంది, కిరాణా కొట్టు సీసాలోది కాదు. మిథనాల్ విషం, దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. పిల్లలకు అందని చోట, మూత బిగించి ఉంచాలి. మూత వదులైతే గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే నీడిల్. టూ స్ట్రోక్‌లో మిశ్రమం రిచ్ (ఇంధనం ఎక్కువ) నుంచి లీన్‌కు (ఇంధనం తక్కువ) మారేటప్పుడు శబ్దం స్పష్టంగా మారుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో ఆ మార్పు చెవికి దొరకదు, కనుక చక్రభ్రమణాలు చూపే టాకోమీటర్ లేకుండా సర్దవద్దని గట్టిగా చెబుతాను. ఇంజన్‌ను ఒక నిమిషం వేడెక్కనిచ్చి, పూర్తి థ్రాటిల్‌లో నీడిల్‌ను ఒక్కొక్క క్లిక్కే మూస్తూ, ప్రతి క్లిక్కుకూ కొన్ని క్షణాలు ఆగాలి. చక్రభ్రమణాలు గరిష్ఠానికి చేరి ఇక పెరగని చోటు తెలిశాక, అక్కడినుంచి నీడిల్ తెరిచి నిమిషానికి 200 నుంచి 300 చక్రభ్రమణాలు తగ్గించి ఆపాలి. ఆ తర్వాత సహాయకుడు విమానాన్ని గట్టిగా పట్టుకోగా ముక్కును ఆకాశం వైపు ఎత్తి చూడాలి. వేగం కుంగితే ఇంకో రెండు క్లిక్కులు తెరవాలి.

ఆ తగ్గించిన 200 చక్రభ్రమణాల మీద ఆశపడవద్దు. మిశ్రమం మరీ లీన్ అయితే ఇంధనం వేళకు ముందే పేలి, పిస్టన్‌ను వెనక్కు తన్ని, ప్రొపెల్లర్ నట్‌ను వదులు చేస్తుంది. ప్రొపెల్లర్ ఊడి ముందుకు దూసుకురావడం ఫోర్ స్ట్రోక్‌లకు ఉన్న నిజమైన ప్రమాదం. అందుకే ఇంజన్‌తో ఇచ్చే రెండో నట్‌ను కూడా తప్పక బిగించాలి, ప్రతి ఎగురవేతకు ముందు స్పానర్ పెట్టి చూడాలి, నీడిల్ తిప్పేటప్పుడు ఎప్పుడూ ప్రొపెల్లర్ వెనుక వైపు నుంచే చెయ్యి పెట్టాలి. వేళ్ళతో తిప్పి స్టార్ట్ చేయవద్దు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి తీరప్రాంతపు గాలికంటే దాదాపు 5 శాతం పలుచన. హైదరాబాదులో సర్దిన ఇంజన్‌ను విశాఖపట్నం తీసుకువెళితే, అక్కడి చిక్కని గాలికి అదే నీడిల్ లీన్ అవుతుంది. దిగగానే ముందు కొన్ని క్లిక్కులు తెరిచి, ఆ తర్వాతే స్టార్ట్ చేసి టాకోమీటర్‌తో మళ్ళీ సర్దుకోవాలి. మే నెల మధ్యాహ్నం సర్దినదాన్ని డిసెంబరు తెల్లవారుజామున ఎగరేసేటప్పుడూ ఇదే జాగ్రత్త.

ఐడిల్ స్క్రూను ప్రధాన నీడిల్ కుదిరాకే ముట్టాలి. ఐడిల్‌లో పదిహేను క్షణాలు ఉంచి థ్రాటిల్ ఒక్కసారిగా తెరవండి. పొగ కక్కుతూ గొణుగుతూ అందుకుంటే రిచ్, పొగ లేకుండా చటుక్కున ఆగిపోతే లీన్. ఒక్కోసారికి ఎనిమిదో వంతు చుట్టు కంటే ఎక్కువ తిప్పకండి.

రోజు చివర చేసే పని ఇంజన్ ఆయువును నిర్ణయిస్తుంది. ఐడిల్‌లో ఉండగా గొట్టం లాగేసి లోపలి ఇంధనమంతా మండిపోనివ్వాలి. థ్రాటిల్‌తో మూసి ఆపితే లోపల మిగిలిన మిథనాల్ తేమను పీల్చుకుంటూ కూర్చుంటుంది. ఆగాక ప్లగ్ వేడిచేసి మరోసారి తిప్పితే ఆ కాస్తా పోతుంది. అప్పుడు ఇంజన్ల కోసం చేసిన ఆఫ్టర్ రన్ నూనెను కార్బొరేటర్‌లో నాలుగు చుక్కలు, బ్రీదర్ గొట్టం ద్వారా మరికొంత ఎక్కువగా వేసి, ప్రొపెల్లర్‌ను ఇరవై సార్లు తిప్పాలి. చాలామంది కార్బొరేటర్‌లో వేసి బ్రీదర్‌ను మరిచిపోతారు, వెనుక బేరింగు, క్యామ్ ఉండేది మాత్రం బ్రీదర్ తెరుచుకునే క్రాంక్ కేస్‌లోనే.

ఆ తిప్పేటప్పుడు బ్రీదర్ కొస కింద ఒక తెల్ల కాగితం ముక్క పట్టి చూడండి. పడిన చుక్క తేనెరంగులో ఉంటే మంచిదే. కొద్దిగా నల్లబడటం కూడా సహజమే. ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉంటే బేరింగుకు తుప్పు మొదలైనట్టే. ప్లగ్ తీసి తిప్పినప్పుడు ఇసుక నలిగినట్టు వేళ్ళకు తగిలితే ఇక మార్చవలసిందే. బేరింగులను సుత్తితో కొట్టి తీయవద్దు. భాగాలన్నీ విప్పిన క్రాంక్ కేస్‌ను ఓవెన్‌లో వేడిచేస్తే అల్యూమినియం సాగి, కాస్త తట్టగానే బేరింగు జారి పడుతుంది. క్యామ్ తీసే ముందు క్యామ్ గేరుకూ క్రాంక్ గేరుకూ కలిసే పళ్ళ మీద మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే ఒక్క పన్ను తేడా వచ్చినా వాల్వుల వేళలన్నీ తప్పుతాయి.

కొన్ని వారాలు పక్కన పెట్టేటప్పుడు పిస్టన్‌ను కంప్రెషన్ పైభాగాన ఆపితే రెండు వాల్వులూ మూసుకుని, స్ప్రింగులు కాస్త విశ్రాంతిగా ఉంటాయి. మళ్ళీ తీసిన రోజున స్టార్టర్ పెట్టేముందు ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఇంజన్‌ను తలకిందులుగా బిగించిన విమానాల్లో నిల్వ నూనె సిలిండర్ తలలోకి చేరి గట్టిగా అడ్డుకోవచ్చు. అలా ఆగినప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, ఆ నూనె బయటికి వచ్చేదాకా తిప్పి, మళ్ళీ బిగించి అప్పుడు స్టార్టర్ తీసుకోండి.