నాణెం మీద రిపబ్లిక్ అని ఉంటే ముందు తిప్పి చూడండి

పాత రోమన్ నాణేలు కొత్తగా కొంటున్నవాళ్లకు నా మొదటి మాట: చింతపండు జోలికి పోకండి. ఇత్తడి బిందెలా తోమితే శతాబ్దాల పైపొర, దానితోపాటు అక్షరాలూ పోతాయి. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తని బ్రష్షుతో మట్టి వదిలించండి. ఒక భూతద్దం, పక్కనుంచి ఏటవాలుగా పడే వెలుగు ఉంటే చదవడం మొదలుపెట్టవచ్చు.

చేయి తిరగడానికి క్రీ.శ. నాలుగో శతాబ్దం చివరి, థియోడోసియస్ చక్రవర్తి కాలపు చిన్న కంచు నాణెం మంచిది. చవక కూడా. వెనుకవైపు విజయదేవత ఒక బందీని ఈడ్చుకుపోతుంటుంది. ఎడమవైపు కింద నుంచి అంచు వెంట చదవండి. యు అక్షరాన్ని వి లాగే చెక్కేవారు. సగం అక్షరాలు అంచు దాటిపోయినా కంగారు పడకండి, మిగిలినవి పట్టిస్తాయి: సాలుస్ రెయి పుబ్లికే, అంటే రిపబ్లిక్ క్షేమం. ఇప్పుడు తిప్పండి. చక్రవర్తి తల, పేరుకు ముందు డి, ఎన్. దోమినుస్ నోస్తెర్, మన ప్రభువు! రిపబ్లిక్ అంటే ప్రజల సొత్తు అని రోమన్ వక్త సిసిరో రాసిన నాలుగు శతాబ్దాలకు ఇదీ సంగతి.

అందుకే నేను మాట కన్నా ముందు ముఖం చూస్తాను. చక్రవర్తులకు ముందు, నిజంగా రిపబ్లిక్ నడిచిన రోజుల దేనారియస్‌ల (వెండి నాణేల) మీద ఆ మాట కోసం వెతకడం దండగ. తరచుగా రోమా దేవత తల, ముద్రణ అధికారి పేరు కనిపిస్తాయి. బతికున్న మనిషి బొమ్మ వేసే ఆనవాయితీ రోమ్‌లో లేదు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ తన తల వేయించుకుని, శాశ్వత నియంత అని రాయించాడు. ఆ మార్చిలోనే హత్య జరిగింది. చంపినవారిలో ఒకడైన బ్రూటస్ తర్వాత రెండు బాకులు, మధ్యలో స్వేచ్ఛకు గుర్తయిన విముక్త బానిస టోపీ ముద్రించాడు. అవతలివైపు ఎవరి తల? తనదే! (ఈ నాణెం ఎవరైనా చవకగా ఇస్తానంటే అది నకిలీ.)

ఫ్రెంచి నాణేలకూ ఇదే పద్ధతి. ఒకవైపు నెపోలియన్ చక్రవర్తి, మరోవైపు ఫ్రెంచి రిపబ్లిక్ అని ఉంటే అది 1804-1808 మధ్యది. మామూలు ఏడాది బదులు ఆన్ 13 (13వ ఏడాది) అని ఉంటే ఫ్రెంచి విప్లవ క్యాలెండరు లెక్క; 1804 సెప్టెంబరు నుంచి ఏడాది. 1809 నాణేల మీద రిపబ్లిక్ స్థానంలో సామ్రాజ్యం వచ్చింది.

మన 1950 రూపాయి మీద గవర్నమెంట్ ఆఫ్ ఇండియా అని ఉంటుంది, రిపబ్లిక్ అని కాదు. అక్కడ గమనించవలసింది ఆరో జార్జి తల పోయి అశోకుడి సింహాలు రావడం.

దాచేటప్పుడు రెండు వైపులా కనిపించే కవర్లు వాడండి. పీవీసీ ప్లాస్టిక్‌వి మాత్రం వద్దు, రాగికి పచ్చటి జిగురు పడుతుంది.