పొదుపు సంఘం కలిసి పని మొదలుపెట్టాక గొడవలు వస్తే ఎలా పరిష్కరించుకోవాలి?

పది మంది మహిళలున్న పొదుపు సంఘం బ్యాంకు రుణం తీసుకుని పచ్చళ్ళ యూనిట్ మొదలుపెట్టిందనుకుందాం. మొదట్లో అంతా సాఫీగా సాగుతుంది. నెల తిరిగేసరికి మాటా మాటా పెరుగుతుంది, ఆ పైన ఒకరిద్దరు రావడం మానేస్తారు. చాలా సంఘాలు సరిగ్గా ఇక్కడే చేతులెత్తేస్తాయి. అలా చేయనక్కరలేదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ చిన్న బృందాల గురించి అప్పటికి వెలువడిన 50 పరిశోధన పత్రాలను పరిశీలించి, బృందం ఎదుగుదలలో నాలుగు దశలున్నాయని 1965లో ప్రతిపాదించారు. అవి ఏర్పడటం, ఘర్షణ పడటం, కట్టుబాట్లకు రావడం, పని సాధించడం. విడిపోవడమనే ఐదో దశను 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి చేర్చారు. ఆ 50 పత్రాలలో ఎక్కువ భాగం చికిత్స కోసమో, శిక్షణ కోసమో కూర్చిన బృందాలవి కాబట్టి, ప్రతి సంఘమూ ఇదే వరుసలో నడుస్తుందని అనుకోకూడదు. కొత్త సభ్యురాలు చేరినా, పెద్ద ఆర్డరు వచ్చినా నిలదొక్కుకున్న సంఘం కూడా మళ్ళీ ఘర్షణలో పడవచ్చు.

1. మొహమాటం ఉన్న రోజుల్లోనే నియమాలు రాసుకోండి

కొత్తలో అందరూ తల ఊపుతారు. దాన్ని అంగీకారంగా తీసుకోవద్దు, అందులో సగం మొహమాటమే. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలు మన సంఘాలకు కొట్టినపిండి. అయితే అవి డబ్బుకు ఏర్పడిన కట్టుబాట్లే గాని పనికి ఏర్పడినవి కావు. లాభం సమానంగా పంచుకోవాలా, పనిదినాల లెక్కన పంచుకోవాలా, సరుకు చెడితే నష్టం ఎవరు భరించాలి, ఇంట్లో జ్వరమొచ్చి రాలేని రోజుకు లెక్క ఏమిటి అనే ప్రశ్నలను ఒక్కొక్కరి చేతా నోరు విప్పించి చర్చించి, తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు తీసుకోవాలి.

2. గొడవ వచ్చినప్పుడు మనిషిని వదిలి పనిని వెతకండి

ఆవకాయ పెట్టిన పది రోజులకు ఒక జాడీలో బూజు కనిపించిందనుకోండి. ముక్కలు తుడిచిన ఆమె జాడీ కడిగిన ఆమెను అంటుంది, జాడీ కడిగిన ఆమె నూనె పోసిన ఆమెను అంటుంది. పది నిమిషాలు గడవకముందే పాత అప్పు వాయిదాలు, పెళ్ళిలో పలకరించని సంగతులు బయటకు వస్తాయి. నాయకురాలు అక్కడికక్కడే తీర్పు చెప్పకూడదు. ముందుగా ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడాలి. మూడో మనిషి లేని చోట మనిషి తన తప్పును ఒప్పుకోగలదు. ఆ తరువాత వచ్చే సమావేశంలో, “నువ్వు సరిగ్గా తుడవలేదు” అనే మాటకు బదులు, “వదినా, ముక్కలు తుడిచాక ఎంతసేపు ఆరబెట్టాం? జాడీ ఎండలో పెట్టామా?” అని అడగాలి. ఇలా వెనక్కి వెళ్తే, నింపే ముందు తడి చూసే బాధ్యత ఎవరికీ అప్పగించలేదని తేలవచ్చు. నా దృష్టిలో సంఘంలో వచ్చే చాలా తగాదాల కింద ఇలాంటి రాసుకోని నియమమే ఉంటుంది. దాన్ని పట్టుకుని, “జాడీ నింపే ముందు వంతులవారీగా ఒకరు తడి చూసి పుస్తకంలో సంతకం చేయాలి” అని తీర్మానిస్తే, ఆ తగాదా అంతటితో సంఘానికి పనికొచ్చినట్టే.

అన్నిటికీ ఒకే మందు లేదు. కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్‌మన్ 1974లో రూపొందించిన పద్ధతి ప్రకారం విభేదాన్ని ఎదుర్కొనే తీరులు ఐదు: పట్టుబట్టడం, కలిసి పరిష్కారం వెతకడం, చెరి కొంత తగ్గడం, తప్పుకోవడం, ఎదుటివారి మాటకు ఒప్పుకోవడం. లేబుల్ రంగు గురించైతే ఒప్పుకుంటే సరిపోతుంది. శుభ్రత గురించైతే పట్టుబట్టవలసిందే. వాటాల విషయంలో మాత్రం ఎంత ఆలస్యమైనా అందరూ కూర్చుని దారి వెతకాలి, ఎందుకంటే అక్కడ మింగేసిన అసంతృప్తి ఎక్కువ రోజులు దాగదు.

సొమ్ము పక్కదారి పట్టినా, కులం పేరుతో అవమానం జరిగినా, బెదిరింపులు వచ్చినా సంఘంలోనే సర్దుకోమని ఎవరినీ ఒత్తిడి చేయవద్దు. డబ్బు వ్యవహారాన్ని ఊళ్ళోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సమాఖ్య ముందు పెట్టాలి. అవమానానికి, బెదిరింపుకు గురైన సభ్యురాలు పోలీసుల దగ్గరకు వెళ్తానంటే తోడుగా వెళ్ళాలి.

3. కుదురుకున్నాక బాధ్యతలు మార్చండి

కట్టుబాట్లు అలవాటయ్యాక నాయకురాలు కొంచెం వెనక్కి జరగాలి. సరుకు కొనుగోలు, అమ్మకం, లెక్కలు ఒకే మనిషి దగ్గర ఏళ్ళ తరబడి ఉండిపోతే, ఆమె ఎంత నిజాయితీపరురాలైనా అనుమానం మొలుస్తుంది.

4. సీజన్ ముగిసిన రోజున లెక్క తేల్చండి

మామిడి సీజన్ అయిపోగానే ఎవరికి వారు వెళ్ళిపోకుండా ఒక పూట కూర్చోవాలి. ఎన్ని జాడీలు పెట్టారో, ఎన్ని అమ్ముడుపోయాయో, ఎవరు ఎన్ని రోజులు వచ్చారో చదువు రాని సభ్యులకు కూడా అర్థమయ్యేలా గట్టిగా చదివి వినిపించాలి. వాటాలు అందరి ఎదుటే లెక్కపెట్టి చేతికివ్వాలి. వచ్చే ఏడు చేరనన్న వారి బాకీని ఆ పూటే తీర్చి, తీర్మానం పుస్తకంలో వారి సంతకం తీసుకోవాలి.