పాత కంప్యూటర్ బదులు ఏది కొనాలి?

కొనే ముందు ఒక్క పని చేయండి: పాతదాంట్లో తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, దాని బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) పెట్టి చూడండి. నెమ్మదికి చాలాసార్లు కారణం అదే. అయితే విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని యంత్రంపై ఎక్కువ ఖర్చు దండగ.

ఇంటి అవసరాలకు ఆఫీసుల్లో వాడి, బాగుచేసి అమ్మే డెస్క్‌టాప్ మంచి ఎంపిక. నాసిరకం కొత్త ల్యాప్‌టాప్ కన్నా ఎక్కువకాలం మన్నుతుంది. ప్రాసెసర్ పేరులో గీత తర్వాతి అంకెలు చూడండి. ఐ5-8500 అంటే 8వ తరం, ఐ5-12400 అంటే 12వ తరం. ఇంటెల్‌లో 8వ తరం కన్నా పాతది వద్దు. "ఐ7" అని మాత్రమే రాసి తరం చెప్పని ప్రకటనను నమ్మకండి, అది పదేళ్ల నాటిదీ కావచ్చు.

ర్యామ్ 16 జీబీ, ఎస్‌ఎస్‌డీ 512 జీబీ చాలు. పలుచని ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేరు. 64 జీబీ ఈఎంఎంసీ (చౌక ల్యాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ బదులు వాడే నెమ్మది నిల్వ) ఉన్నవైతే అప్‌డేట్లకే నిండిపోతాయి.

వాడినది చేతికి రాగానే బయోస్‌లోకి (విండోస్ మొదలవక ముందే తెరిచే సెట్టింగుల తెర) వెళ్లండి. అది పాస్‌వర్డ్ అడిగితే యంత్రాన్ని వెంటనే తిరిగిచ్చేయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. అరగంట వీడియో నడిపి, ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి పరీక్షించండి. చిన్న పెట్టె డెస్క్‌టాప్‌లలో పవర్ సప్లై తరచూ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, పాడైతే మామూలుది సరిపోదు. వీలుంటే పెద్ద టవరే తీసుకోండి.