ప్రిఫిక్స్‌లు చేత్తో రాయకండి, వేరియబుల్స్ మాత్రం చూసి రాయండి

సాస్ (వెబ్‌పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ కోడ్‌గా మారే భాష) నేర్చుకున్న కొత్తలో నేను చేసిన మొదటి పని, ప్రిఫిక్స్‌ల (ఒక్కో బ్రౌజర్ కోసం సీఎస్ఎస్ పేర్ల ముందు చేర్చే గుర్తుల) కోసం ఓ పెద్ద మిక్సిన్ల (పదేపదే వాడుకునే స్టైల్ ముక్కల) ఫైల్ రాసుకోవడం. మూలలు గుండ్రం చేసే బోర్డర్ రేడియస్‌కి వెబ్‌కిట్ (క్రోమ్, సఫారీల ప్రిఫిక్స్) లైను, మోజ్ (ఫైర్‌ఫాక్స్ ప్రిఫిక్స్) లైను, కింద మామూలు లైను. ఆ ఫైల్‌ని ఏళ్ల తరబడి ప్రతి ప్రాజెక్టులోకీ మోసుకెళ్లాను, ఇప్పుడు బోర్డర్ రేడియస్‌కి ఏ బ్రౌజరూ ప్రిఫిక్స్ అడగట్లేదని తెలిశాక కూడా. మీ దగ్గర అలాంటిది ఉంటే తీసేయండి.

ప్రిఫిక్స్‌లు చేర్చే పని ఆటోప్రిఫిక్సర్ అనే టూల్‌ది. సాస్ అయినా, అలాంటిదే ఇంకో భాష లెస్ అయినా కంపైల్ అయ్యాక వచ్చే సీఎస్ఎస్ మీద దాన్ని పోస్ట్‌సీఎస్ఎస్ (సీఎస్ఎస్‌ని మార్చే టూల్) ద్వారా నడపాలి. ఏ బ్రౌజర్లకి పని చెయ్యాలో బ్రౌజర్స్‌లిస్ట్ అనే సెట్టింగ్‌లో రాస్తే, ఏ బ్రౌజర్‌లో ఏది పనిచేస్తుందో చెప్పే కెన్ ఐ యూజ్ సైట్ డేటా చూసుకుని అవసరమైన ప్రిఫిక్స్‌లే చేరుస్తుంది. ప్రిఫిక్స్ రావట్లేదని టెన్షన్ పడేముందు ఆ లిస్ట్ ఓసారి చూడండి, చాలాసార్లు ఆ బ్రౌజర్లకి అసలు అక్కర్లేకపోవడమే కారణం.

అన్నీ అది చేసిపెట్టదు. రేంజ్ స్లైడర్‌లో పట్టుకుని లాగే బొత్తానికి వెబ్‌కిట్‌లో ఒక పేరు, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకో పేరు, రెండింటికీ ఉమ్మడి పేరు లేదు. స్టైల్ ఒకటే కదా అని ఆ రెండు పేర్లనీ (సెలెక్టర్లనీ) కామా పెట్టి కలిపారో, మోజ్ పేరు అర్థంకాక క్రోమ్ ఆ రూల్ మొత్తాన్నీ వదిలేస్తుంది. విడివిడిగా రెండు బ్లాకులు ఉండాల్సిందే, అందుకే ఇక్కడ మిక్సిన్ నిజంగా పనికొస్తుంది: స్టైల్ ఒక్కసారి రాసి రెండు బ్లాకుల్లోనూ ఇంక్లూడ్ చేయండి.

ఇక వేరియబుల్స్, అంటే విలువలకి మనం పెట్టుకునే పేర్లు. డాలర్ గుర్తుతో రాసే సాస్ వేరియబుల్ కంపైల్ అయ్యేవరకే ఉంటుంది, బ్రౌజర్‌కి చేరేది దాని విలువ మాత్రమే. రెండు డ్యాష్‌లతో మొదలయ్యే సీఎస్ఎస్ వేరియబుల్ పేజీ నడుస్తున్నప్పుడూ బతికే ఉంటుంది కాబట్టి డార్క్ మోడ్ రంగులు అందులో పెట్టండి. స్క్రీన్ వెడల్పు లాంటివాటిని బట్టి స్టైల్ మార్చే మీడియా క్వెరీ షరతులో మాత్రం అది పనిచేయదు, బ్రేక్‌పాయింట్లు (ఆ వెడల్పుల హద్దులు) సాస్‌లోనే ఉండనివ్వండి.

రెండూ కలిపేచోట నాకు ఒక సాయంత్రం మొత్తం పోయింది. సీఎస్ఎస్ వేరియబుల్‌కి సాస్ వేరియబుల్‌ని నేరుగా ఇస్తే ఎర్రర్ ఏమీ రాదు, డాలర్ గుర్తుతో సహా ఆ పేరే అవుట్‌పుట్‌లోకి వెళ్లిపోతుంది. హ్యాష్ పెట్టి, ఫ్లవర్ బ్రాకెట్లలో ఆ వేరియబుల్ రాయాలి. అలా రాసినప్పుడు ఫాంట్ పేరు చుట్టూ ఉన్న కొటేషన్లు ఊడిపోతాయి, అవి కావాలంటే సాస్ మెటా మాడ్యూల్‌లోని ఇన్‌స్పెక్ట్ ఫంక్షన్ వాడండి.